అర్జీ తీరు వేరు, కథ తీరు వేరు

మన చింతలపూడి బడుల్లో పదో తరగతి పిల్లల తెలుగు పరీక్షలో సృజనాత్మకత కింద లేఖో, కరపత్రమో, సంభాషణో రాయమంటారు. చాలామంది నమూనాలు బట్టీ పడతారు. ఏ రాతకు ఆ తీరు ఎందుకొచ్చిందో అడగరు. నాకు బాధ కలిగించేది అదే.

కొల్లేరులో మురుగు కలుస్తోందనుకుందాం. కలెక్టరు గారికి అర్జీ పెడితే ఏ ఊరు, ఏ కాలువ, ఎప్పటినుంచి, ఏం కోరుతున్నాం అన్నవి మొదట్లోనే రావాలి. వర్ణనలు అక్కడ అడ్డం. సమాచార హక్కు దరఖాస్తు ఇంకా సూటిగా ఉండాలి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం కారణం చెప్పక్కర్లేదు, ఏ కాగితం కావాలో స్పష్టంగా రాస్తే చాలు. కరపత్రమైతే సంతలో నడుస్తూ చదివేవాణ్ణి ఆపాలి. కథలోనైతే వల ఖాళీగా వచ్చిన రోజు జాలరి ఇంట్లో పొయ్యి ఎలా ఉందో కనబడాలి.

ఈ తేడాకు గురజాడ అప్పారావు మంచి ఉదాహరణ. ఆయన 1910లో ‘దిద్దుబాటు’ కథ రాశారు. 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇంగ్లీషులో అసమ్మతి పత్రం ఇచ్చారు. కథలో మనుషుల్ని మాట్లాడించారు, పత్రంలో ఆధారాలు చూపి వాదించారు. కలం ఒకటే.

ఉపాధ్యాయులకు నా మనవి: పిల్లలకు అసలైన అర్జీ, పత్రికలో వార్త, పెళ్లి శుభలేఖ పక్కపక్కన పెట్టి చూపించండి. ఎవరు చదువుతారు, చదివి ఏం చేయాలి అని ముందు అడగండి. కలం ఆ తర్వాత పట్టించండి.