వేషం వెనుక చేతులు

(వేషధారణ పోటీకి ముందు జరిగిన సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణాష్టమి సమీపిస్తున్న ఈ తరుణంలో వేషాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. 30 ఏళ్లుగా పద్యనాటక సమాజాలకు కిరీటాలు, భుజకీర్తులు, గదలు, విల్లంబులు తయారు చేస్తున్న పనివాణ్ణి. అయినా ఈరోజు మన రంగస్థలం గురించి మాత్రమే కాక, నేటి యువతరం ‘కాస్‌ప్లే’ అని పిలుచుకునే కళను గురించి చెప్పదలచాను. ఆ కళలో చేయి తిరిగినవారు వేషాన్ని ఎలా తయారు చేసుకుంటారో, పోటీలను ఎలా నడుపుకుంటారో తెలుసుకుంటే మన పిల్లల పోటీకి మేలు కలుగుతుందని నా విశ్వాసం.

కాస్‌ప్లే అంటే కథలలోని పాత్రను ఎంచుకొని, దాని వేషాన్ని వీలైనంతవరకు స్వయంగా తయారు చేసుకొని, ధరించి, కొంతసేపు ఆ పాత్రగా మెలగడం. ‘కాస్ట్యూమ్’, ‘ప్లే’ అన్న రెండు మాటలను కుదించి జపాన్‌వారు 1980లలో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. ఆచారం మాత్రం అంతకంటే పాతది. 1939లో న్యూయార్క్ నగరంలో వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమానుల తొలి ప్రపంచ సభ జరిగినప్పుడు మర్టిల్ డగ్లస్ అనే మహిళ భవిష్యత్కాలపు దుస్తులను స్వయంగా రూపొందించి, తాను ఒక జత ధరించి, తన సహచరుడు ఫారెస్ట్ ఆకర్‌మన్‌కు మరొక జత తొడిగించింది. మరుసటి ఏడాది షికాగో సభలో వేషధారణ ప్రదర్శనే ఏర్పాటైనది. ఇప్పుడు మన హైదరాబాదులో జరిగే కామిక్ కాన్ ఉత్సవంలో కూడా కాస్‌ప్లే పోటీ ఉన్నది.

ఇదంతా విదేశీ వ్యామోహమని కొందరు పెద్దలు అనవచ్చు. వేషం కట్టడం మనకు కొత్త కాదు. పగటివేషగాళ్లు రోజుకొక వేషంతో వీధి వీధీ తిరిగి కథ చెప్పిన నేల ఇది. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు ధరించి మొక్కు తీర్చుకోవడం నేటికీ చూస్తున్నాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయంలో కుటుంబాలకు కుటుంబాలే వేషం కట్టి, తెరలు లాగి, రంగులు వేసి జీవించాయి. నా మేనకోడలి కుమారుడు హైదరాబాదులో చదువుకుంటూ ఈ కాస్‌ప్లేలో ప్రవేశించాడు. సెలవులకు వచ్చినప్పుడు “తాతయ్యా, కవచం భుజం దగ్గర విరిగిపోతున్నది, మీరు భుజకీర్తి ఎలా నిలబెడతారు?” అని అడిగాడు. నేను వానికి కీలు వేయడం నేర్పాను; వాడు నాకు ఫోమ్ పని నేర్పాడు. ఆ విధంగా ఈ ప్రపంచంతో నాకు పరిచయమైనది.

అనుభవజ్ఞులు మొదట చేసే పని కొనడమూ కాదు, కోయడమూ కాదు, చూడడం. పాత్ర బొమ్మను ముందు, వెనుక, పక్కల నుండి పరిశీలిస్తారు. ఏ భాగం బట్ట, ఏ భాగం లోహంలా కనిపించాలి, ఏది కదలాలి, ఏది కదలకూడదు అని విడివిడిగా రాసుకుంటారు. తరువాత కొలత. చేతికి కవచం కావాలంటే చేతిమీద పల్చని ప్లాస్టిక్ పొర చుట్టి, దానిపై అంటుకునే టేపు వేసి, టేపు మీదనే గీతలు గీసి, జాగ్రత్తగా కోసి తీస్తారు. విప్పి పరిస్తే అదే నమూనా. ఆ నమూనాను ముందుగా అట్టమీద కోసి సరిచూస్తారు. అసలు సరుకు మీద కత్తెర పడేది ఆ తరువాతనే.

సరుకు కూడా ఖరీదైనదేమీ కాదు. చిన్నపిల్లలు ఆడుకునే గదుల్లో నేలమీద పరిచే మెత్తని పలకలు ఉంటాయి. వాటిని ఈవీఏ ఫోమ్ అంటారు. పదునైన కత్తితో కోసి, వేడిగాలి యంత్రంతో కాచి వంచితే, చల్లారిన తరువాత ఆ వంపు నిలుస్తుంది. కాచినప్పుడు పైపొర బిగుసుకొని రంగును తక్కువగా పీలుస్తుంది. చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురును రెండు అంచులకూ రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు అదిమి కలుపుతారు. తొందరపడి తడిమీద కలిపితే అతుకు నిలవదు. ఆ జిగురు ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక గాలి ఆడే చోట, తగిన ముసుగు ధరించి పని చేస్తారు. ఈ పనిని పిల్లల చేత చేయించరాదని ఈ సందర్భంలోనే మనవి చేస్తున్నాను. పిల్లలకు అట్ట, కాగితం, పిండి జిగురు చాలు.

ఈ పద్ధతిలో మన పూర్వులకు తెలియనిది ఎంతో లేదు. నాట్యశాస్త్రంలో భరతముని ఆహార్యాభినయాన్ని చెబుతూ, చాప, బట్ట, తోలు వంటి వాటిని కూర్చి చేసే రూపాలను ‘పుస్తం’ అన్నాడు. నటునికి బరువైన నగలు పెట్టరాదని, బరువు వలన అలసట, చెమట, మూర్ఛ కూడా కలుగుతాయని, ఆయుధాలను తేలిక వస్తువులతో చేయాలని ఆయన విధించాడు. కూచిపూడి భాగవతుల సంప్రదాయ ఆభరణాలు బూరుగు వంటి తేలిక చెక్కతో చేసినవే. కొండపల్లి బొమ్మ తేలికగా ఉండడానికి కారణం పొనికి చెక్క. దాని అతుకులు నునుపుగా కనిపించడానికి కారణం చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. కళ్లకు బరువుగా, ఒంటికి తేలికగా ఉండడమే వేషానికి మొదటి లక్షణం.

చేయి తిరిగినవారు పోటీనాడు మొదటిసారిగా వేషం ధరించరు. కొన్ని రోజుల ముందే ఇంటిలో ధరించి, గంటసేపు నడిచి, కూర్చుని, మెట్లెక్కి, చేతులెత్తి చూస్తారు. నీళ్లు తాగడానికి వీలున్నదా, మెడ తిరుగుతున్నదా, ద్వారంలో పడుతున్నదా, కాలకృత్యాలకు ఎలా వెళ్లాలి అని ఆలోచిస్తారు. వెంట ఒక సంచి ఉంటుంది: సూది, దారం, పిన్నీసులు, జిగురు, కొద్దిగా రంగు, మంచినీరు. పక్కన ఒక సహాయకుడూ ఉంటాడు. నాటకాలలో మేము కిరీటానికి లోపల మెత్తని బట్ట దట్టంగా కుడతాం. ప్రేక్షకుడు దానిని ఎన్నడూ చూడడు. అది లేకపోతే రెండవ అంకానికి నటుని నుదురు ఒరిసిపోతుంది.

ఇక పోటీల సంగతి. ఇక్కడే మనం నేర్చుకోవలసినది ఎక్కువ. విదేశాల వేషధారణ సభలలో అనేక చోట్ల రెండు విధాల పరీక్ష ఉంటుంది. ఒకటి వేదికపై ప్రదర్శన. రెండవది పనితనం. పనితనాన్ని పరీక్షించే న్యాయనిర్ణేతలు తెర వెనుక వేషాన్ని దగ్గరగా చూస్తారు. కుట్టు లోపలివైపు తిప్పి చూస్తారు. ఇది ఎలా చేశావని అడుగుతారు. అందుకే పోటీదారులు పని జరుగుతున్నప్పటి ఛాయాచిత్రాలను ఒక పుస్తకంగా కూర్చి తెస్తారు. జపాన్‌లోని నగోయా నగరంలో 2003లో ఆరంభమైన వరల్డ్ కాస్‌ప్లే సమ్మిట్‌లో 2005 నుండి దేశదేశాల జట్లు పోటీపడుతున్నాయి. జట్టుకు ఇద్దరు, ధరించే వేషం తమ చేతులతో చేసుకున్నదై ఉండాలి.

మరొక మంచి నియమం శ్రేణుల విభజన. కొత్తగా చేరినవారు, కొంత అనుభవం గడించినవారు, ఆరితేరినవారు అని మూడు తరగతులు. తన తరగతికి పైన పోటీపడవచ్చు గాని కిందికి దిగి కొత్తవారితో పోటీపడరాదు. పిల్లలకు వేరే తరగతి. పెద్దలు తయారు చేసి పిల్లలకు తొడిగిన వేషాన్ని, కొన్ని పోటీల్లో, పిల్లల తరగతిలో కాక చేసిన పెద్దల తరగతిలోనే లెక్కిస్తారు. ఎంత న్యాయమైన ఏర్పాటో చూడండి! పిల్లవాని పోటీ పిల్లవానితోనే.

నియమాలన్నీ ఎవరో గదిలో కూర్చుని రాసినవి కావు. 1972లో లాస్ ఏంజెలెస్ సభలో ఒక యువ చిత్రకారుడు ఒంటినిండా వేరుశనగ వెన్న పూసుకొని ఒక వింత పాత్రగా వచ్చాడు. దీపాల వేడికి ఆ వెన్న వాసన పట్టింది; పక్కవారి దుస్తులకూ అంటుకున్నది. ఆనాటి నుండి ‘వేరుశనగ వెన్న కూడదు’ అన్న మాట వేషధారులలో ఒక సామెతగా నిలిచింది. నీ వేషం మరొకరి శ్రమను పాడుచేయకూడదని దాని తాత్పర్యం. అలాగే 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ ఆవరణలో పెద్ద ఫలకాలు వెలిశాయి. వేషం ధరించినంత మాత్రాన ఒంటిపై చేయి వేయడానికి అంగీకారం ఇచ్చినట్లు కాదని, ఛాయాచిత్రానికి కూడా అనుమతి అడగాలని వాటి సారాంశం.

ఇప్పుడు మన విషయానికి వస్తాను. చాలా ఊళ్లలో కృష్ణాష్టమి పోటీలకు ప్రేక్షకునిగా వెళ్లాను. క్రమక్రమంగా వేదిక నిండా అద్దె వేషాలే కనిపిస్తున్నాయి. అంగడి నుండి తెచ్చిన ఒకే కిరీటం ముగ్గురు కృష్ణుల తలపైకి మారడం చూశాను. ఒక పోటీలో ఏడేళ్ల బాలుడు భీమునిగా వచ్చాడు. వాని గద పాత పెళ్లిపత్రికల అట్టలు ఒకదానిపై ఒకటి అతికించి చేసినది. అంచులకు జరీ పోగులు వానివే, మైదా జిగురు మరకలూ వానివే. బహుమతి తళతళలాడే అద్దె గదకు వెళ్లింది. అద్దె గద పట్టిన బిడ్డను నిందించడం లేదు. ఆ బిడ్డ కూడా పద్యం చక్కగానే చెప్పాడు. కాని అట్ట గదను ఎవరు చేశారని వేదికపై ఒక్కరైనా అడగలేదు. మరుసటి ఏడు ఆ బాలుడు పోటీకి రాలేదు. వాని తల్లి టైలరింగ్ చేసి జీవిస్తున్నది. “మాకు అద్దెకు తెచ్చే స్తోమత లేదండి” అని ఆమె నాతో అన్నది. చేయగలిగిన ఇంటివారు ఆ మాట అనవలసి వచ్చినదంటే, పోటీ తన పని తాను చేయడం లేదని అర్థం.

కావున ధర్మకర్తల మండలికి నాలుగు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, స్వయంగా తయారు చేసిన వేషాలకు ప్రత్యేక విభాగం, ప్రత్యేక బహుమతి ఏర్పాటు చేయండి. అద్దె వేషాలను నిషేధించనక్కరలేదు. వాటికి అభినయం, పద్యం, ఉచ్చారణలను బట్టి బహుమతి ఇవ్వవచ్చు.

రెండవది, న్యాయనిర్ణేతలు వేదికకు ముందే ప్రతి బిడ్డతో రెండు నిమిషాలు మాట్లాడాలి. ఇందులో నీ చేతితో చేసినది ఏది? దేనితో చేశావు? ఎక్కడ కష్టమైనది? తల్లిదండ్రులు సాయం చేయవచ్చు. అయినా ఒక వడ్డాణమో, ఒక నెమలిపింఛపు కుచ్చో బిడ్డ స్వయంగా చేసి ఉండాలి.

మూడవది, బరువు, సౌకర్యం చూడాలి. లోహపు కిరీటాలు, మొనదేలిన ఆయుధాలు, ముఖాన్ని పూర్తిగా కప్పే ముసుగులు పసివారికి వద్దు. తమ వంతు వచ్చేదాకా నీడ, మంచినీరు, కూర్చునే చోటు ఉండాలి. వేషంలో ఉన్న బిడ్డలో భక్తులు దైవాన్ని చూసి పాదాలు తాకుతారు, ఎత్తుకుంటారు, ఫోటోలకు నిలబెడతారు. ఆ భావం పవిత్రమైనదే. అయినా ఆ కిరీటం కింద ఉన్నది ఆకలి, నిద్ర ఎరిగిన పసిబిడ్డ. ముందు ఆ బిడ్డను, తల్లిని అడగండి.

నాల్గవది దాతలకు. వెండి కప్పుల పరిమాణం పెంచడానికి బదులు, పోటీకి ముందు నాలుగు ఆదివారాలు ఒక తరగతి నడిపించండి. అట్టలు, రంగు కాగితాలు, జరీ, కత్తెరలు, జిగురు ఉంటే చాలు. నేర్పడానికి నేను వస్తాను, పారితోషికం అక్కరలేదు. నా మేనకోడలి కుమారుడు కూడా ఒక ఆదివారం వస్తానని మాట ఇచ్చాడు. మన ప్రాంతంలో కుట్టుపని, చెక్కపని, పూలపని తెలిసిన అమ్మలు, అయ్యలు ఎందరో ఉన్నారు. వారిని గురుస్థానంలో కూర్చోబెట్టి పిలవండి. ఆ భీముని తల్లిని పిలవడానికి నేనే వెళ్తాను.

బిడ్డ నాలుగు వారాలు కూర్చుని కృష్ణుని కిరీటం చేస్తే, పింఛం ఎందుకు, పీతాంబరం ఎందుకు, మురళికి ఎన్ని రంధ్రాలు అని అడగకుండా ఉండడు. జవాబు కోసం తాతను, అమ్మమ్మను పట్టుకుంటాడు. కథ ఇంటిలోకి వచ్చేది ఆ ప్రశ్నల వెంబడే. అద్దెకు తెచ్చిన పెట్టె సాయంత్రం తెరుచుకొని రాత్రికి మూతపడుతుంది. ఆ ప్రశ్నలకు అక్కడ వ్యవధి ఉండదు.

పోటీకి ఇంకా ఆరు వారాల గడువున్నది. తరగతికి పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత కార్యాలయంలో నమోదు చేసుకోవలసిందిగా ప్రార్థన. ఇంటిలో ఉన్న పాత అట్టపెట్టెలను, పెళ్లిపత్రికలను పారవేయక వెంట తెచ్చుకోండి.