హృదయగ్రంథి - అయస్కాంత చిత్రణము



మన వేదాంతులు అజ్ఞానమునకు హృదయగ్రంథి యని పేరిడిరి. ఆ ముడి యందఱికిని గలదు. నేడు ముచ్చటింపబోవు గ్రంథి వేఱు. అది గుండెలో బెరుగు కంతి. గుండెయందే పుట్టిన కంతులు పెక్కు శవపరీక్షల లెక్కనుబట్టి 10,000 దేహములలో సుమారు రెంటియందు మాత్రమే కానవచ్చినవి. అరుదే గాని యుపేక్షింపరానివి.

వానిలో నాలుగింట మూడు పాళ్లు సాధువులు, అనగా నితరావయవములకు బ్రాకనివి. పెద్దవారిలో దఱచైనది మిక్సోమా. ఇది సాధారణముగా గుండె యెడమ పైగదిలో, నడిమి గోడను బట్టుకొని, తొడిమకు వ్రేలాడు కాయవలె నూగుచుండును. మా నిడదవోలు కాలువ తూమునకు గుఱ్ఱపుడెక్క యడ్డుపడినచో దిగువ చేలకు నీరందదు గదా! అట్లే యిది కవాటమున కడ్డుపడినచో ఆయాసము, మూర్ఛ కలుగును. తునుక తెగి మెదడు నాళమున జిక్కినచో పక్షవాతము వచ్చును. సాధువన్న పేరు విని యేమఱరాదు.

దీనిని మొదట జూపునది ధ్వనితరంగములతో జేయు ఎకో పరీక్ష. కాని కనబడినది కంతియా, గడ్డకట్టిన నెత్తురా? చికిత్స యంతయు నీ ప్రశ్నపై నాధారపడును. గడ్డకు సాధారణముగా మందు, మిక్సోమాకు శస్త్రము. సందేహము దీఱనిచోట ఎం.ఆర్.ఐ. అను అయస్కాంత చిత్రణము తోడ్పడును.

మన దేహమున సగమునకు మించి నీరే. అందలి ఉదజని కేంద్రకములు బలమైన అయస్కాంతమునకు లోబడి వరుసకు వచ్చును. అప్పుడు రేడియో తరంగములచే వానిని గదల్తురు. నా మాటను మీ చెవి జేర్చు తరంగముల జాతివే యవియు! తరంగ మాగగానే కేంద్రకములు సర్దుకొనుచు సన్నని సంకేత మిచ్చును. క్రొవ్వు, కండ, నీరు తమ తమ వేగమున సర్దుకొనును. ఆ భేదమే చిత్రమగును. గుండె కదలికకు చిత్రము చెదరకుండ, దాని లయ ననుసరించి తీయుచు, రోగిని కొంతసేపు ఊపిరి బిగబట్టుమందురు. పిమ్మట గాడోలినియము గల మందును సిరలో నెక్కింతురు. నాళములు గల కంతి వెలుగును. నెత్తురుగడ్డ సాధారణముగా వెలుగదు. కంతి గోడలోనికి జొచ్చినదా యనునదియు దెలియును. తుది తీర్పు మాత్రము సూక్ష్మదర్శినిదే.

ఈ చిత్రణమునకు బాటవేసిన అమెరికా దేశీయుడు పాల్ లాటర్‌బర్, ఆంగ్లేయుడు పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ బహుమానమందిరి. అంతకు బూర్వమే, 1954లో, స్వీడన్ దేశమున క్లారెన్స్ క్రాఫోర్డ్ మిక్సోమాను దొలిసారి జయప్రదముగా దీసివేసెను.

పరీక్షకు బోవువారు దేహములోని లోహపు పరికరములను, మూత్రపిండముల వ్యాధిని ముందే చెప్పవలెను. ఆయాసమనగానే ఉబ్బసమనియో, వయసనియో సరిపెట్టుకొనక వైద్యునకు జూపుకొనుడు. వేదాంతుల గ్రంథి విడుటకు జన్మములు పట్టును. ఈ గ్రంథి సకాలమున గనబడినచో, శస్త్రవైద్యుడు పెక్కుమారులు ఒక్కపూటలో దీసివేయగలడు.