ఉయ్యాల చెంత పుస్తకము

(సంఘ వార్షిక మహాసభలో స్త్రీవిద్యా గోష్ఠియందు గావించిన ప్రసంగము)



స్త్రీవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగును సంస్కృతమును బోధించి 2020లో విశ్రాంతి గైకొన్నవాడను. ఉపన్యాసమనగానే శ్లోకముతో మొదలిడుట మావంటి పండితులకలవాటు. నేడు మాత్రము శ్లోకమును విడిచి మా యింటి సంగతితో మొదలిడెదను. మా కోడలు బి.ఎడ్. చదువుచున్నది. ఆమెకు ఎనిమిది నెలల ఆడుబిడ్డ కలదు. పసిబిడ్డ గల యింట చదువు సాగుట యెట్టిదో నేనిపుడు దినదినమును కన్నులార చూచుచున్నాను.

సంస్కృతము చదివినవారికందఱకును ప్రియమైన కథ యొకటి కలదు. వాచస్పతిమిశ్రుడు శంకరుల బ్రహ్మసూత్రభాష్యమునకు వ్యాఖ్య రచించుచు లోకమును మఱచెనట. వేళకు దీపము వెలిగించుట, వేళకన్నము పెట్టుట మొదలగు పనులన్నియు నొక స్త్రీ చేయుచుండెడిది. గ్రంథము ముగిసిననాడు ఆయన తలయెత్తి చూచి "నీవెవ్వరవు?" అని యడిగెనట. ఆమె ఆయన ధర్మపత్నియే. ఆయన మిగుల నొచ్చుకొని తన గ్రంథమునకామె పేరిడెను. అదియే "భామతి". కథ ఐతిహ్యమే కావచ్చును. గ్రంథము మాత్రము నేటికిని వేదాంతులు పఠించునదియే. ఈ కథను నేను తరగతిలో ఎన్ని మాఱులు చెప్పితినో లెక్కలేదు. చెప్పినపుడెల్ల వాచస్పతి విద్యాదీక్షను మెచ్చితిని, కృతజ్ఞతను కొనియాడితిని. భామతికి చదువవలెనని యుండెనా యను ప్రశ్న నాకొక్కనాడును తోచలేదు.

తోచకపోవుటకు కారణము నా జీవితముననే యున్నది. 1992లో మాకు కుమారుడు పుట్టెను. అప్పుడు నేను ప్రైవేటుగా ఎం.ఏ. పరీక్షకు చదువుచుంటిని. నేను పుస్తకము పట్టితినన్న ఇల్లంతయు మౌనము వహించెడిది. బిడ్డ యేడ్చినచో నా భార్య వానిని ఎత్తుకొని పెరటిలోనికి పోయెడిది. వానకాలమైనచో ప్రక్కయింటికి పోయెడిది. నేను పరీక్షలో నుత్తీర్ణుడనైతిని. బంధువులు నా పట్టుదలను పొగడిరి.

మఱుసటి యేడు ఆమెయు బి.ఏ. పరీక్షకు రుసుము కట్టెను. ఆమె చదువునపుడు ఇల్లు మౌనము వహింపలేదు. బిడ్డ యేడ్చినచో పుస్తకము మూయవలసినది ఆమెయే. చుట్టములు వచ్చినచో పొయ్యి రాజేయవలసినది ఆమెయే. పరీక్షకు ముందురాత్రి బిడ్డకు జ్వరము వచ్చెను. ఉదయము నేను బడికి పోయితిని. "నేడు సెలవు పెట్టి బిడ్డను చూచెదను, నీవు పోయి వ్రాసి రమ్ము" అను మాట నా నోట రాలేదు. రావలెనని తెలిసి దాచుకొన్నదియు కాదు. ఆ తలంపే నాకు పుట్టలేదు. ఆ హాలుటికెట్టు నేటికిని మా యింటి ఇనుపపెట్టెలో నున్నది.

మహాజనులారా! ఇక నేటి సంగతి వినుడు. తొలికాన్పు గనుక కోడలు పుట్టింట పురుడు పోసికొని, బిడ్డకు మూడవ నెల రాగానే మా యింటికి వచ్చెను. పుట్టిన తొలి నెలలలో శిశువు దినమునకు 8 నుండి 12 మాఱులు పాలు త్రాగును. దినములో 14 నుండి 17 గంటలు నిద్రించును. అయితే ఆ నిద్ర పగలును రాత్రియు ముక్కలు ముక్కలై యుండును. "బిడ్డ పడుకొన్నపుడు చదువుకొనరాదా?" యని చుట్టములు సులభముగా ననెదరు. బిడ్డ పడుకొన్నపుడు పొత్తిగుడ్డలుతుకవలెను, స్నానము చేయవలెను, గుక్కెడు మెతుకులు తినవలెను, రాత్రి లేని నిద్రను పగలు కొంత తీర్చుకొనవలెను. పుస్తకము వంతు వచ్చుసరికి బిడ్డ లేచును.

బి.ఎడ్. చదువు 2015 నుండి రెండేండ్లయినది. తరగతులకు 80 శాతము హాజరుండవలెను. బడులలో బోధనానుభవమునకు 20 వారములు గడుపవలెను; దానికి 90 శాతము హాజరు కావలెను. పాఠ్యప్రణాళికలు, రికార్డులు, పటములు వేఱు. బాలింతయైన విద్యార్థిని కీ లెక్క యెంత కఠినమో యోచింపుడు.

ఒక రాత్రి ఆమె రికార్డులన్నియు మూటగట్టి అలమరపై పెట్టి, "మామయ్యగారూ, ఈ యేడు మానివేసెదను. బిడ్డ కొంచెము పెద్దదైన పిదప చూచుకొనెదను" అని పలికెను. నేనేమియు ననకమునుపే వంటయింటినుండి నా భార్య, "నేనును అట్లే యనుకొంటినమ్మా. ఆ పిదప యనునది రానేలేదు" అని బదులు చెప్పెను. ఆ మాటలో నిష్ఠురము లేదు, కోపము లేదు. అందుచేతనే అది నాకు గట్టిగా తగిలెను.

మఱునాటి ఉదయమే మేము వేళలు పంచుకొంటిమి. తెల్లవాఱుజామున నాలుగున్నరకు పాలిచ్చి కోడలు బిడ్డను నాకప్పగించును. ఏడు గంటల వఱకు ఆ శిశువు నాది, పుస్తకము ఆమెది. నూనె రాచి నలుగుపెట్టి నీళ్లు పోయుట, సాంబ్రాణి వేయుట నాయనమ్మ వంతు. మా కుమారుడు కొలువునుండి వచ్చి, రాత్రి పదింటి వఱకు బిడ్డను భుజముపై వేసికొని తిరుగును. గుడ్డలుతుకుటయు వాని పనియే. కోడలు కళాశాలకు పోవునపుడు పాలు పిండి, శుభ్రమైన పాత్రలో మూతపెట్టి ఫ్రిజ్జునందుంచును. అవి ఒక దినము వఱకు పాడుగావు. ఆ పాత్రను వేడినీటిలో నిలిపి చలి విఱిచి, మా యమ్మనాటి వెండి ఉగ్గుగిన్నెతో త్రాగించుచుంటిమి. సీసాకంటె గిన్నెయే మేలని వైద్యులును చెప్పిరి. ఆఱునెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప ఆముదపుటుగ్గు గాని, తేనె గాని, మంచినీళ్లు గాని పోయరాదని కూడ చెప్పిరి. ఈ విషయమున మా పెద్దల యాచారమును విడిచితిమి. అన్నప్రాశనమును మాత్రము ఆఱవ నెల నిండిన పిదప ముచ్చటగా జరిపితిమి. బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు పంచితిమి. ఆనాడు కోడలికి పరీక్ష. ఆమె వంతు బొబ్బట్లు మూతపెట్టి యుంచితిమి.

నేను మొదటిదినము ఉయ్యాల ఊపుచుండగా నా భార్య వచ్చి కొంతసేపు చూచి, "ఏమండీ, ఈ చేతులప్పుడును ఉండెను గదా!" అనెను. ఈ ప్రశ్నకు బదులు నాకు తెలిసిన యే శాస్త్రమునను దొరకలేదు.

ఇట్టి యింట చదువు కుంటుపడునని భయపడితిని గాని, ఒక్కొకప్పుడు బిడ్డయే పాఠమగుచున్నది. కోడలి మనోవిజ్ఞాన గ్రంథమున పియాజే యను స్విట్జర్లాండు పండితుని సిద్ధాంతము కలదు. కంటికి కనబడని వస్తువు కూడ ఉన్నదని శిశువు మొదట గ్రహింపదట. ఆ జ్ఞానము తొలియేటనే క్రమముగా కలుగునట. ఐదవ నెలలో నేను గిలకపై గుడ్డ కప్పగా మా మనుమరాలు దానిని మఱచి మఱొకవైపు చూచెను. మొన్న, ఎనిమిదవ నెలలో, కప్పిన గుడ్డను లాగిపాఱవైచి గిలకను పట్టుకొని నవ్వెను. కోడలు చప్పట్లు చఱచి, "ఈ ప్రశ్న వచ్చినచో నేనిక మఱువను, మామయ్యగారూ" అనెను. జోలపాటకు బదులు పాఠమును రాగము తీసి చదువుటయు కలదు. ప్రహ్లాదుడు గర్భమున నుండియే నారదుని బోధ వినెను గదా. మా మనుమరాలు ఉయ్యాలలో మూల్యాంకన విధానములు వినుచున్నది.

ఇక సంఘము సంగతి. గత శతాబ్ది తొలినాళ్లలో మన తెలుగుదేశమున కులసంఘములు చేసిన గొప్పపని పట్టణములలో విద్యార్థులకు వసతిగృహములు కట్టుట. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు ఇందులకు నిదర్శనము. పల్లెటూరి బాలునకు కూడును గూడును కల్పించినచో చదువు తానే వచ్చునని ఆ పెద్దలు గ్రహించిరి. చదువు ఆగిన స్త్రీలను గూర్చి యోచించినది రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. వారు తొలి యధ్యక్షురాలుగా నుండిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, నడుమ చదువు మానిన వయోజన స్త్రీలకై 1958లో సంక్షిప్త విద్యాక్రమమును నెలకొల్పెను. చదువు ఆగుట నేరము కాదనియు, మరల మొదలిడుటకు దారి యుండవలెననియు దాని భావము.

ప్రభుత్వము కొంత చేసినది. ఉద్యోగినులకు 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి తొలి రెండు కాన్పులకు 26 వారముల వేతనసహిత సెలవు నిచ్చిరి. 50 మందికి తగ్గని సంస్థలలో శిశుగృహముండవలెననిరి. పిహెచ్.డి. చేయు స్త్రీలకు 240 దినముల వఱకు సెలవు కలదు. డిగ్రీ, పి.జి. విద్యార్థినులకు కూడ ప్రసూతి సెలవును, హాజరులో సడలింపును ఏర్పఱచుమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయములకు వ్రాసెను. కాని చట్టము బిడ్డను ఎత్తుకొనదు. తెల్లవాఱుజామున ఎత్తుకొనవలసినది ఇంటివారే.

కావున సభవారికి నా విన్నపములు మూడు. మొదటిది: మన విద్యానిధి నియమావళిలో ఉపకారవేతనము "అవివాహితలైన బాలికలకు" మాత్రమే యని యున్నది. ఈ నియమమును వ్రాసిన పెద్దలు బాల్యవివాహములను మాన్పవలెనను సదుద్దేశముతోనే వ్రాసియుందురు. నేడది పెండ్లియైన యువతిని, తల్లియైన యువతిని గడప యవతల నిలుపుచున్నది. ఆ యొక్క మాటను ఈ మహాసభలోనే కొట్టివేయ వేడుచున్నాను. మా కోడలికి మీ వేతనమక్కఱలేదు; నా పింఛను చాలును. అక్కఱగలవారు మీ మీ యూళ్లలో గలరు, వారి పేర్లు నాకంటె మీకే తెలియును.

రెండవది: మన వసతిగృహమున క్రిందియంతస్తులో నొక గదిని పరీక్షాదినములలో తల్లులకు విడువవలెను. ఒక ఉయ్యాల, శుభ్రమైన నీరు, నమ్మకమైన యొక ఆయా చాలును. దాతలు సభామండపమునకు పాలరాతి పలకలు చేయింతుమని వాగ్దానము చేసియున్నారు. అందొక పలక వెల తగ్గించినను ఈ గది యేర్పడును.

మూడవదానికి ధనముతో పనిలేదు. నావలె విశ్రాంతిలో నున్న పురుషులెందఱో ఈ సభలో గలరు. మీ యింట చదువుకొను తల్లి యున్నచో దినమునకు రెండు గంటలు బిడ్డ నెత్తుకొనుడు. చేతులు నొచ్చును, చొక్కా తడియును. అంతకు మించిన నష్టమేమియు లేదు.

మా కోడలి చివఱి పరీక్షలు వచ్చు వేసవిలో జరుగును. ఆమె యుత్తీర్ణురాలగునో కాదో నేను జెప్పజాలను. ఆనాడు బిడ్డకు జ్వరము వచ్చినను ఆమె పరీక్షకు పోవునని మాత్రము మాట యీయగలను. ఇంట నేనుందును.