పాటను పొగిడే స్పీకరు మనకొద్దు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో హరికథలు, భజనలు, జానపదాలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబులో పెట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మైకు కొన్నాక వాళ్లకు వచ్చే అనుమానం ఒకటే. తక్కువ ధరలో స్టూడియో మానిటర్ స్పీకర్లు ఏవి తీసుకోవాలి? బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి అంగట్లో నాలుగు జతలు మోగించి చూస్తే నాలుగూ బాగానే ఉన్నట్టుంటాయి. మోసపోయేది అక్కడే.

ఇంట్లో సరదాగా వినే స్పీకరు పాటకు అందం దిద్దుతుంది. మానిటరు పని పాటలో తప్పు పట్టించడం. 1978లో యమహావాళ్లు ఎన్ఎస్-10 అనే చిన్న స్పీకరు తెచ్చారు. తెచ్చింది ఇళ్ల కోసమే గానీ, ఇళ్లలో దాన్ని మెచ్చినవాళ్లు తక్కువ. బేసు పలచన, గొంతు పలికే మధ్యస్థాయి మరీ ముందుకొచ్చేది. ఆ గుణం చూసే మిక్సింగ్ ఇంజనీర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2001లో తయారీ ఆగిపోయినా దాని తెల్ల కోను ఇంకా కొన్ని స్టూడియోల్లో కనిపిస్తుంది.

అంగడికి పోయేటప్పుడు మీరు రికార్డు చేసిన గొంతు ఒకటి, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి వేవ్ ఫైళ్లుగా పట్టుకుపోండి. వాళ్లు వేసే డెమో పాట ఏ డబ్బాలోనైనా బాగుంటుంది. రెండు జతలను పోల్చేటప్పుడు ముందు వాల్యూము సమానం చేయించండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి దానికే ఓటేస్తుంది. ఇక చిడతల మోత వినండి. కాసేపటికే చెవిలో గుచ్చుకుంటుంటే ఆ జత వద్దు. మృదంగం ఎడమవైపు దెబ్బ గుండ్రంగా పలకాలి, 'బొయ్' మని సాగకూడదు. మూడున్నర అంగుళాల వూఫరు సుమారు 80 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది, ఐదంగుళాలది 50 దగ్గరి దాకా దిగుతుంది. పాట ఆపేసి కూడా వినండి. బుస్సుమనే శబ్దం కొన్ని చవక మానిటర్లలో మూరెడు దూరానికే వినబడుతుంది.

ఇంత చూసి కొన్నా, సగం ధ్వని గదిదే. పదడుగుల స్లాబు గదిలో స్పీకర్లను మూలకు నెడితే బేసు ఉబ్బుతుంది. అది చూసి మీరు మిక్సులో బేసు తగ్గిస్తారు, ఫోనులో వినేవాళ్లకు పాట బక్కచిక్కి వినిపిస్తుంది. కాబట్టి గోడకు ఎడం పెట్టండి. రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజంగా కుదరాలి, ట్వీటరు చెవి ఎత్తున ఉండాలి. పక్క గోడలకు మందపాటి బొంతలు వేలాడదీస్తే మోత కొంత తగ్గుతుంది. నీరుగట్టువారిపల్లె లాంటి నేతగాళ్ల చోట పక్కింట మగ్గం ఆడుతుంటే మాత్రం ఈ పరీక్షలన్నీ రాత్రికి పెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇంకో సంగతి. మన దగ్గర మహాభారత ఉత్సవాలకు, జాతరలకు మైకుసెట్టు హారన్లలో ఎడమా కుడీ అని ఉండదు, ఒకే లైను. కాబట్టి మిక్సును మోనోలో పెట్టి తప్పకుండా వినండి. హార్మోనియం సన్నబడిపోతే ఆ మిక్సు ఇంకా కుదరలేదు.

నా మాట అడిగితే, గదికి ఐదంగుళాల జత చాలు. డబ్బు చాలకపోతే మూడున్నర అంగుళాలవి తీసుకుని, బేసు చూసుకోవడానికి మంచి హెడ్‌ఫోను ఒకటి జత చేసుకోండి. సబ్‌వూఫరు జోలికి మాత్రం పోవద్దు.