ఆకు రాలే కాలంలో పూలు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాఘం వచ్చిందంటే మన మేడ్చల్, షామీర్‌పేట వైపు గుట్టలన్నీ బోసిపోయాయని ఎవరూ అటు తిరిగి చూడరు. నా మనవి దీనికి పూర్తిగా విరుద్ధం. సంక్రాంతి వెళ్లింది మొదలు కామునిపున్నం దాకా మన చెట్లకు అసలైన పూలకాలం.

ఆకు రాల్చడం చెట్టుకు పొదుపు. నేలలో తేమ తగ్గినప్పుడు ఆకులుంటే ఉన్న నీరు కాస్తా ఆవిరైపోతుంది. బోసి కొమ్మల మీద పూస్తే ఆకుల చాటు లేక పువ్వు దూరం నుంచే పిట్టలకు, తేనెటీగలకు కనబడుతుంది. అవి పుప్పొడి మోస్తే ఎండల్లో కాయ పండుతుంది, తొలకరికి గింజ నేల మీద సిద్ధంగా ఉంటుంది. మనం బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం కదా, చెట్టు కూడా అలాగే పువ్వు చూపిస్తుందన్నమాట!

మొదట చెప్పవలసింది మోదుగ. నిప్పురంగు పువ్వు, చిలుక ముక్కులా వంకర. అందుకే సంస్కృతంలో కింశుకమన్నారు, "ఇది చిలుకా?" అని. దీని ఆకులతోనే మన పెళ్లిళ్లలో విస్తళ్లు కుట్టేవారు. రాలిన పూలను నీళ్లలో మరిగిస్తే వచ్చే రంగుతోనే హోలీ ఆడేవాళ్లం.

రెండవది బూరుగ. ఎర్రటి, దళసరి రేకులు. చెట్టు కింద నిలబడితే పువ్వు టప్పున రాలి పడుతుంది. ఎండాకాలంలో కాయ పగిలితే వచ్చే దూదినే దిండ్లలో కూరేవారు. మూడవది కొండగోగు. రాతిగుట్టల మీద, ఒక్క ఆకు లేని కొమ్మ చివర పసుపు పువ్వు. దీని బంకను అడవిబిడ్డలు సేకరించి అమ్ముకుంటారు. ఇక గులాబీ, తెలుపు కలిసిన గుత్తులు గిరిపుష్పానివి. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు, దీని ఆకు పొలానికి పచ్చిరొట్ట ఎరువు.

ఎక్కడ చూడాలంటారా? మేడ్చల్ రోడ్డులో ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కండ్లకోయ ఆక్సిజన్ పార్కు ఉంది. షామీర్‌పేటలో జింకల పార్కు ఉంది, చెరువు పరిసరాలున్నాయి. తీరిక ఉన్నవారు కొండాపూర్‌లోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌కు వెళ్లవచ్చు. అది సుమారు 270 ఎకరాలు. ఉదయం ఎండ ఎక్కకముందే వెళ్లండి. చేతికర్ర, మంచినీళ్ల సీసా మరువకండి. కొమ్మ మీది పువ్వు తెంపవద్దు, రాలినవి చాలు.

చివరగా ఒక్క విన్నపం. 1780లలో సామర్లకోటలో మొక్కలు పెంచిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ అనే దొర కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథం 1795లో లండన్‌లో అచ్చు కావడం మొదలైంది. అందులో మన మోదుగ బొమ్మ ఉంది. పరాయి దేశస్థుడు మన చెట్ల తెలుగు పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు. మన మనవలకు ఆ పేర్లు ఎవరు చెప్పాలి?

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా పొలాలు ప్లాట్లవుతున్నాయి. హద్దురాళ్లు పాతేటప్పుడు "ఈ పిచ్చిచెట్టు కొట్టెయ్యండి" అన్న మాట వింటున్నాం. పేరు తెలియని చెట్టే పిచ్చిచెట్టు. "ఇది మోదుగ, మా తాత చూపించాడు" అనే పిల్లవాడు ఒక్కడుంటే గొడ్డలి ఎత్తే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది. పేర్లు తెలిసిన తరం మనదే. పింఛనుతో పాటు కావలసినంత తీరిక కూడా మన చేతిలో ఉంది. ఈ ఫాల్గుణం దాటకముందే ఒక ఆదివారం మనవణ్ణో మనవరాలినో వెంటబెట్టుకుని వెళ్లండి. నాలుగు చెట్లు చూపించి, నాలుగు పేర్లు చెప్పించండి.