పరదేశంలో పండుగ, సొంతూరిలో కరువు

అల్లాహ్‌కు స్తోత్రం. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కలుగుగాక!



మన అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కే నేల. వేరుశనగ ఎండిననాడు మనవారెందరో బెంగళూరుకు, గల్ఫ్ దేశాలకు వలస వెళ్తారు. పండుగనాడు అక్కడ ఒకచోట చేరి, మన వంటలు వండుకొని, మన మాటలు మాట్లాడుకొంటారు. అందులో దోషం లేదు. మక్కాను విడిచిన దైవప్రవక్త (సఅసం) సైతం ఆ నగరాన్ని ప్రేమించారు. అయితే ఆ దస్తర్‌ఖాన్ వద్ద సొంతూరి ఎండిన బావి మాట కూడా రావాలి.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) పరదేశమైన ఈజిప్టులో అధికారం పొందారు. కరువుకాలంలో సోదరులు ధాన్యానికై వచ్చారు. ఒకనాడు తనను బావిలో పడవేసినవారే! అయినా వారి బస్తాలు నింపించి, వారు చెల్లించిన మూల్యాన్ని కూడా వారి సామానులోనే పెట్టించారు.

జకాత్‌ను నివసించే ఊరిలోనే పంచాలా అని కొందరు అడుగుతారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కారణం లేకుండా వేరే ఊరికి పంపడం మక్రూహ్. కాని పేద బంధువులకు, ఎక్కువ అవసరంలో ఉన్నవారికి పంపవచ్చు. అర్హులైన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఇవ్వవచ్చు. తల్లిదండ్రులకు మాత్రం జకాత్ చెల్లదు. వారి పోషణ మీ బాధ్యతే. పొరుగున ఉన్న ముస్లిమేతర రైతును సదఖాతో ఆదుకోండి.

పండుగకు వచ్చినవారు ఈ మాటను అక్కడి తోటివారికి చేరవేయండి.

ఓ అల్లాహ్! మా నేలపై మేలుచేసే వాన కురిపించు. దూరాన ఉన్నవారి హృదయాలలో మా ఊళ్ళను నిలుపు. ఆమీన్.