శరత్కాలమున చిన్నబిడ్డలతో కొండకు



శరదృతువనగానే కావ్యములు చదివినవారికి తెల్లని మబ్బులు, తేటపడిన నదులు, రెల్లుపూలు, హంసలు జ్ఞప్తికి వచ్చును. వాల్మీకి కిష్కింధాకాండమున శరత్తును వర్ణించెను. కాళిదాసు ఋతుసంహారమున దానికొక సర్గమునే యిచ్చెను. నేను ముప్పదియైదేండ్లు బాలురకు చదువు చెప్పితిని. ఇట్టి వర్ణనలు పాఠమున వచ్చినప్పుడెల్ల, కిటికీలోనుండి కళ్యాణదుర్గపు కొండలను చూపి, "నాయనలారా, ఆ శరత్తు వేఱు, మన శరత్తు వేఱు" అని చెప్పుచుండువాడను. వారి శరత్తు వానలు వెలిసిన పిమ్మట వచ్చును. మనది వానను వెంటబెట్టుకొని వచ్చును.

దీనికి కారణము మన నేల యున్న చోటు. నైరృతి ఋతుపవనము పశ్చిమకనుమలను దాటులోపలనే తన నీటిలో పెద్దపాలు ఆవలివాలున దించివేయును. ఈశాన్యపు వాన తూర్పుతీరమున బలముగ కురిసి, మన పీఠభూమికి చేరునప్పటికి నీరసించును. రెండింటి నడుమ చిక్కినవారము మనము. ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. పాతలెక్కను ఇరువదిరెండంగుళములకు కొంచెము తక్కువ. అందును సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే తక్కిన నెలలకంటె హెచ్చుగ కురియును. కావున మన కొండలు పచ్చబడుట ఉత్తర, హస్త, చిత్త కార్తెలలోనే. కార్తికము ముగియునప్పటికి బోద యెండి, గుండ్లు మరల బయటపడును. పచ్చదనము ఆఱేడు వారములకంటె నిలువదు. కఱవుటేట అదియు లేదు.

ఇప్పుడు మీ యింటనున్న ఆఱేండ్ల బిడ్డను తలచుకొనుడు. పుట్టినది మొదలు ఆ బిడ్డకు మంచి శరత్తులెన్ని దక్కినవి? చంకనెత్తుకొన్న యేండ్లు తీసివేయగా, కన్నులు విప్పి చూడగల శరత్తులు రెండో మూడో. అందులో వాన తప్పినది ఒకటియైన నుండకపోదు. ఈ లెక్క చూచుకొన్న నాటినుండి, వాన కురిసిన యేట బిడ్డలను కొండకు తీసికొని పోక మానరాదని నిశ్చయించుకొంటిని. మీకును ఆ మాటయే చెప్పవచ్చితిని.

ఇది క్రొత్త యాచారము కాదు. విజయదశమినాడు ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు వద్దకు పోవుట, పాలపిట్టను చూడగోరుట, కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన పెద్దలేర్పఱచినవే. ఇంటిలోనివారిని ఏడాదికొక్కపరియైన చెట్టుక్రిందికి, బయటిగాలిలోనికి రప్పించుటకే వీనిని పెట్టిరేమోయని నాకు తోచును. నేటి వనభోజనములలో వనము తగ్గి భోజనము పెరిగినది. షామియానా, కుర్చీలు, చెవులు బద్దలగు మైకు. ఉసిరికొమ్మ నొకదానిని విఱిచి తెచ్చి కడవలో గ్రుచ్చుట. పిల్లలు ఒక మూల కూర్చుండి సెల్లుఫోనులు చూచుకొందురు. వారిని తప్పుపట్టను, చూపించువారు లేనప్పుడు వారేమి చూడగలరు?

చూపించువారెవరు? తల్లిదండ్రులకు తీరిక లేదు. చెనక్కాయ పంట పెఱుకునది ఈ కాలముననే. పంట లేనియేట వారు ఊరనే యుండరు. బెంగుళూరికో, కేరళకో కూలికి పోవుదురు. బిడ్డలు అవ్వతాతల చేతిలో నుందురు. కావున ఈ పని మనది. దానికి తగిన సామగ్రియు మన యొద్దనే యున్నది. ఏ గుండునకేమి పేరు, ఏ దొనలో ఎన్నాళ్లు నీరుండును, ఏ ఆకు నలిపి గాయమున కద్దవలెను అను సంగతులు ఏ పాఠ్యపుస్తకమునను లేవు.

ఇంక విధానము. చిన్నబిడ్డలతో కొండకు పోవువాడు శిఖరమును మఱువవలెను. కళ్యాణదుర్గమునకు చుట్టునున్న కొండలలో దేనినైన పెద్దవాడు ఒక పూటలో ఎక్కి దిగగలడు. అయిదేండ్లవాడు పాదము వద్దనే ఒక గంట నిలుచును. నిలువనిండు. వానికి చీమలబారు ఒక తిరునాళ్ల. గడ్డిపోచపై మిడుత యున్నచో అచ్చట ఇంకొక పావుగంట. నా మనుమరాలు ఒకనాడు రెండుగంటల కాలమున రెండు వందల గజములు నడచినది. దారిపొడుగున తంగేడుపూలు కోసి పావడలో నింపుకొన్నది, పాఱబోసినది, మరల ఏఱుకొన్నది. నేను గుండుపై కూర్చుండి చూచితిని. అంతకంటె ఆనాడు నాకు పనియేమున్నది?

గుండ్లను ముట్టి చూపుడు. ఇవి దాదాపు రెండువందల యేబది కోట్ల యేండ్లనాటి రాళ్లని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సంఖ్య పిల్లలకు పట్టదు, మనకును పట్టదు. అయితే రాయి ఉల్లిగడ్డవలె పొరలుపొరలుగ విడుచుట వారికి వెంటనే తెలియును. ఎండకు కాగి, రాత్రి చల్లబడి, పగుళ్లలోనికి వాననీరు దిగి, పైపొర వదలిపోవును. మూలలు ముందరిగి బండ గుండ్రనగును. ఒక పొరపై చిన్నరాతితో మెల్లగ తట్టినచో కొన్నిచోట్ల డొల్లధ్వని వచ్చును. ఆ ధ్వని విన్న పిల్లవాడు ఆ పూటంతయు తట్టుచునే యుండును.

వాన వెలిసిన మఱుసటిదినమైనచో దొనలు చూపవలెను. బండపైనున్న గుంటలో నిలిచిన నీరు పైకి ఉత్తనీరే. వంగి చూచినచో కప్పపిల్లలు తోకలాడించుచుండును. కొన్ని దొనలలో రొయ్యపిల్లను పోలిన, గాజువలె పారదర్శకమైన సన్నని ప్రాణులు వెల్లకిలగ నీదుచు కనబడును. వీని కథ విచిత్రము. దొన యెండినప్పుడు తల్లులన్నియు చచ్చును. గ్రుడ్లు మాత్రము అడుగునున్న ఎండుమట్టిలో పడియుండును. ఒక యేడు వాన రాకున్నను, రెండేండ్లు రాకున్నను అవి చెడవు. నీరు తగిలినంతనే పగిలి పిల్లలగును. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పిల్ల చేతిలోని మట్టిని జాగ్రత్తగ తీసిన చోటనే పెట్టినది.

సీతాఫలముల కాలమును ఇదే. గండ్ల నడుమ గీఱలు తెల్లబడిన కాయను కోసి, రెండుదినములు బోదలో మాగవేయుట పిల్లలకు నేర్పుడు. మేకలు ఈ యాకు ముట్టవు. అందుచేతనే మన బోడికొండలపై ఈ చెట్టు మిగిలినది. సీతమ్మ పేరు పెట్టుకొన్నను, ఈ చెట్టు నాలుగైదు వందల యేండ్లక్రిందట పోర్చుగీసువారితో అమెరికా ఖండమునుండి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది యభిప్రాయము. మన చెనక్కాయయు ఆ ఖండమునుండి వచ్చినదే. పరదేశమునుండి వచ్చి ఈ బీడునకు అలవాటుపడినవి ఈ రెండును. వీనిపై నాకు అభిమానము హెచ్చు. గింజలు మాత్రము నమలనీయరాదు. నూఱిన గింజ కంటబడినచో కన్నునకు అపాయము.

సీతాఫలమన్న మనకెంత ప్రీతియో ఎలుగుగొడ్డునకు అంతకంటె ప్రీతి. కళ్యాణదుర్గము, రాయదుర్గము కొండలలో ఎలుగులున్నవని మీ యెఱుకయే. తెల్లవాఱుజామున, మునిమాపున అవి తిరుగును. కావున ప్రొద్దు బాగుగ ఎక్కిన పిమ్మట బయలుదేఱి, వాలకమునుపే దిగిరావలెను. గుంపుగ పోవలెను, మాటలాడుచు పోవలెను, గుహలలోనికి, పొదలలోనికి పోరాదు. కొండక్రింది పొలములోని చెట్లచాలు. పిల్లలను రాళ్లక్రింద చేయిపెట్టనీయరాదు. తేలు, రక్తపింజర యుండును. పాచిపట్టిన బండపై చెప్పు జాఱును. దొన లోతు కట్టెతో చూడక అంచునకు పిల్లను పంపరాదు. ఉఱుము వినబడినచో వెంటనే దిగవలెను, ఒంటిచెట్టుక్రింద నిలువరాదు. ఎలుగుల పేరు చెప్పి కొండనే మాన్పించు వారున్నారు. వారి భయమును నేను తేలికచేయను. అయితే కొండ యెఱుగని పిల్లవాడు పదునైదవయేట తోటివారితో ఎవరికిని చెప్పక పోవును. ఎఱిగినవాడు ఎప్పుడు దిగవలెనో ఎఱిగియుండును.

సద్ది సంగతి క్లుప్తముగ చెప్పెదను: జొన్నరొట్టె, ఊరిబిండి, బొరుగులు, బెల్లపుముక్క, కావలసినదానికి రెట్టింపు నీరు. ఇంట తిననని మారాము చేయు పిల్ల బండపై రెండురొట్టెలు తినును.

ముదిగల్లు పరిసరములందున్న రాతిగూళ్లను కొంచెము పెద్దపిల్లలకు చూపవచ్చును. పలకలు నిలిపి పైన పలక మూసిన ఆ గూళ్లను మన ప్రాంతములందు రాక్షసగుళ్లందురు. అవి రెండుమూడువేల యేండ్లక్రిందటి మనుష్యుల సమాధులు. పిల్లలు మొదట రాక్షసులేరని యడుగుదురు. మనవంటివారే చచ్చిన తమవారి కొఱకు ఆ పలకల నెత్తిరని చెప్పినచో కొంతసేపు మాటాడరు. అయిదేండ్లవారికి ఇది వలదు. వారికి బయట తోకనాడించుచు పరుగెత్తు చిన్నపిట్ట చాలును. సంస్కృతకవులు ఖంజరీటమనునది దానినే. అందులో కొన్ని జాతులు హిమాలయములు దాటి ఈ కాలముననే మన చెఱువులకు దిగును.

పోయిన శరత్తున నా వెంట వచ్చిన తొమ్మండుగురు పిల్లలలో ఏడేండ్లవాడొకడు. వాని తల్లిదండ్రులు బెంగుళూరున కట్టడపుపనిలో నున్నారు. సగము కొండ యెక్కినపిమ్మట, నలుదిక్కులు కనబడు బండ యొకటి కలదు. గాలిమరలు, చెఱువు, ఊరి కప్పులు చూపించుచుండగా వాడు నా పంచె పట్టుకొని, "బెంగుళూరు యాతట్టుండాది అయివారూ?" అని యడిగెను. దక్షిణమునకు చేయి చూపితిని. వాడు కన్నులపై చేయి మూసి చాలసేపు ఆ దిక్కునే చూచెను. ఏమియు కనబడలేదనలేదు. పిమ్మట దొనవద్దకు పరుగెత్తెను.

నాలుగుదినముల తరువాత వాని యవ్వ నా యరుగు వద్దకు వచ్చినది. దీపావళికి అమ్మ నాయన వచ్చుచున్నారట; వారిని తీసికొనిపోయి చూపుటకు అప్పటివఱకు దొనలో నీరుండునా, అయివారి నడిగి రమ్మని మనుమడు ప్రొద్దుననుండి ప్రాణము తీయుచున్నాడట. చిత్త కురిసినచో నుండునని చెప్పి పంపితిని.